రోడ్డు లేని కొండల్లో మ్యాపు గీయడం: అలాస్కా బ్రూక్స్ శ్రేణికి సమగ్ర మార్గదర్శి

బ్రూక్స్ శ్రేణిలోని మౌంట్ డూనెరాక్ ఎత్తు పదివేల అడుగులు దాటుతుందని అమెరికా అటవీ నిపుణుడు బాబ్ మార్షల్ నమ్మాడు. తర్వాత సరిగ్గా కొలిస్తే 7,457 అడుగులని తేలింది. రెండున్నర వేల అడుగుల పైచిలుకు తప్పు! అలాగని అతను అల్లాటప్పా మనిషి కాదు. 1929 నుంచి 1939 మధ్య నాలుగు సార్లు ఉత్తర అలాస్కాకు వచ్చి, నార్త్ ఫోర్క్ కోయుకుక్ నది ఎగువన మ్యాపులో తెల్లగా మిగిలిన జాగాను కాలినడకన నింపినవాడు. నదికి అటొకటి ఇటొకటి ద్వారపాలకుల్లా నిలబడ్డ బోరియల్ మౌంటెన్, ఫ్రిజిడ్ క్రాగ్స్ అనే రెండు కొండలను చూసి ‘గేట్స్ ఆఫ్ ది ఆర్కిటిక్’ అని పేరు పెట్టింది అతనే. 1980లో ఏర్పడిన నేషనల్ పార్కుకు ఆ పేరే ఖాయమైంది.

ఇప్పుడు ఆ కొండల ఆకారం ఉపగ్రహానికి మనకంటే బాగా తెలుసు. ‘ఆర్కిటిక్ డెమ్’ అనే ఎత్తుల నమూనా 2 మీటర్ల గడులతో ఉచితంగా దొరుకుతోంది. మరి మనం వెళ్లి గీసేదేమిటి? కాలికింద ఏముందో అది. ఏ వాలులో గంటకు మూడు కిలోమీటర్లు నడవగలం, ఎక్కడ ఒక్క కిలోమీటరుకే ప్రాణం పోతుంది, ఏ వాగు ఏ రోజు ఎంత లోతు పారుతోంది, ఏ నీళ్లు తాగకూడదు. పైనుంచి చూసేవాడికి ఇవి తెలియవు. నేనూ మా బావమరిదీ సియాటిల్ నుంచి రెండు ఆగస్టుల్లో వెళ్లి, ఒక చిన్న వాగు పరీవాహకం మ్యాపు గీసుకున్నాం. చేసిన తప్పులు, నేర్చుకున్న పద్ధతి వరసగా చెబుతాను.

1. ఒక్క వాగు చాలు

బ్రూక్స్ శ్రేణి అలాస్కా ఉత్తర భాగానికి అడ్డంగా పరుచుకుని కెనడాలోని యూకాన్ దాకా సుమారు 1,100 కిలోమీటర్లు సాగుతుంది. పార్కు ఒక్కటే దాదాపు 34,000 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఒకటిన్నర రెట్లు దాటిన జాగాలో ఒక్క రోడ్డు లేదు, నిర్వహించే కాలిబాట ఒక్కటీ లేదు. అందుకే “బ్రూక్స్ శ్రేణిని మ్యాప్ చేస్తాను” అనుకోకండి. పది రోజులకు ఒక వాగు, దాని రెండు మూడు ఉపవాగులు, పైన ఒక కనుమ చాలు. దానికీ ఒక ప్రశ్న ఉండాలి. మాది: “ఈ కనుమకు వాగు వెంట వెళ్లడం నయమా, గట్టు మీదుగా నయమా?” ప్రశ్న లేకుండా వెళితే ఫోన్‌లో ఫొటోలు మిగులుతాయి, మ్యాపు మిగలదు.

2. ఎప్పుడు, ఎలా

జూన్ మొదట్లో మంచు వదులుతుంది, ఆ నెల మధ్య నుంచి జూలై ఆఖరు దాకా దోమలు. కోనసీమ దోమలు తెలిసినవాళ్లు కూడా అక్కడి దోమల ముందు దణ్ణం పెట్టాల్సిందే. తల మీద వల లేకుండా దిక్సూచి చూసి అంకె చదవడం అసాధ్యం. ఆగస్టులో వాన ఎక్కువ, నెలాఖరుకు మంచు కూడా పడొచ్చు. అయినా నా ఓటు ఆగస్టు మొదటి పదిహేను రోజులకే. దోమలు తగ్గుతాయి, వెలుతురు దండిగా ఉంటుంది.

ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి డాల్టన్ హైవే మీద కోల్డ్‌ఫుట్ సుమారు 400 కిలోమీటర్లు. చాలా అద్దెకార్ల కంపెనీలు ఆ కంకర రోడ్డుకు ఒప్పుకోవు, ముందే అడగండి. కోల్డ్‌ఫుట్ నుంచో బెటిల్స్ నుంచో చిన్న విమానం మిమ్మల్ని చెరువు మీదో గులకరాళ్ల మేట మీదో దింపుతుంది. సామానుతో పాటు మనిషినీ తూకం వేస్తారు. మొహమాటపడకుండా నిజం బరువు చెప్పండి. తిరుగు విమానం అన్న రోజుకు వస్తుందని నమ్మకండి. మబ్బు దిగితే పైలట్ రాడు, రాకూడదు కూడా. మూడు రోజుల తిండి అదనంగా ఉండాల్సిందే. మొదటిసారి మేం ఒక్క రోజుకే తెచ్చుకుని, రెండో రోజు మధ్యాహ్నం చివరి మరమరాల పొట్లం లెక్కపెట్టి పంచుకున్నాం.

ఎలుగుబంటిని తరిమే స్ప్రే, స్టవ్ గ్యాసు ప్రయాణికుల విమానాల్లో తీసుకెళ్లనివ్వరు, ఫెయిర్‌బ్యాంక్స్‌లో కొనుక్కోవాలి. పార్కులోకి ప్రవేశ రుసుము లేదు, పర్మిట్ లేదు. కానీ ఎలుగు తెరవలేని తిండి డబ్బా తప్పనిసరి, రేంజర్ ఆఫీసులో అరువిస్తారు. పులిహోర పొడి, ఆవకాయ సీసా కూడా అందులోకే. వంట గుడారానికి 100 గజాల దూరంలో. పోపు వాసన మనకెంత ఇష్టమో గ్రిజ్లీకీ అంతే.

3. ఇంట్లో గీసే మ్యాపు

సగం పని ఇక్కడే. క్యూజీఐఎస్ అనే మ్యాపులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ దింపుకుని, ఈ పొరలు పేర్చండి: అమెరికా భూవిజ్ఞాన సర్వే వారి 1:25,000 యూఎస్ టోపో షీట్లు, వాళ్లవే పాత 1:63,360 షీట్లు, ఆర్కిటిక్ డెమ్, సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు.

మొదటి చిక్కు ప్రొజెక్షన్‌తో, అంటే గుండ్రటి భూమిని చదునైన కాగితం మీదికి తెచ్చే పద్ధతితో. చాలా వెబ్ మ్యాపులు మెర్కేటర్ అనే ప్రొజెక్షన్‌లో ఉంటాయి. 67.5 డిగ్రీల ఉత్తరాన అవి పొడవును 2.6 రెట్లు సాగదీస్తాయి. ఆ స్క్రీన్ మీద స్కేలు పట్టుకుని కొలిస్తే కిలోమీటరు రెండున్నర దాటి కనిపిస్తుంది. ప్రాజెక్టును యూటీఎంలో పెట్టండి, అంటే భూమిని 6 డిగ్రీల పట్టీలుగా (జోన్లుగా) విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది: 150 డిగ్రీల పశ్చిమ రేఖ దగ్గర జోన్ 5 అయిపోయి జోన్ 6 మొదలవుతుంది, ఆ గీత వైజ్‌మన్ ఊరికి తూర్పున కొద్ది కిలోమీటర్లలోనే పడుతుంది. రోడ్డు మీద జోన్ 6లో మొదలెట్టి పడమటికి నడిస్తే జోన్ 5లోకి వెళ్లిపోతారు, అంకెలు ఒక్కసారిగా గంతేస్తాయి. మీ వాగు గీతకు రెండు పక్కలా ఉంటే అలాస్కా ఆల్బర్స్ అనే ప్రొజెక్షన్ వాడండి, సాఫ్ట్‌వేర్‌లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 3338. డిగ్రీలతో దూరాలు లెక్కకట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: హైదరాబాద్ దగ్గర ఒక రేఖాంశం సుమారు 106 కిలోమీటర్లు, అక్కడ 43.

తర్వాత ఉపగ్రహ చిత్రం చూసి ఊహల పొర ఒకటి గీయండి. వాగుల వెంట చిక్కటి ఆకుపచ్చ అంటే విల్లో, ఆల్డర్ పొదలు. మెల్లని వాలులో నున్నగా గోధుమరంగులో కనిపిస్తే గడ్డి దుబ్బులు. నది పక్కన తెల్లటి పట్టీలు గులకరాళ్ల మేటలు. జూన్ చిత్రాల్లో నది మీద కనిపించే తెల్లటి పలక ఔఫైస్, అంటే నీరు పొర మీద పొరగా ఉబికి గడ్డకట్టిన మంచు. ఈ ఊహలన్నిటినీ చుక్కల గీతతోనే గీయండి. కాలు పెట్టి చూశాక గానీ గట్టి గీత వేయకూడదు. ఈ ఒక్క నియమం పాటించనందుకే మా మొదటి మ్యాపు చెత్తబుట్టకు పోయింది. ఏది చూసిందో ఏది ఊహించిందో ఇంటికొచ్చాక మాకే తెలియలేదు.

కాంటూర్లను, అంటే ఒకే ఎత్తు ఉన్న చోట్లను కలిపే గీతలను కూడా అతిగా నమ్మొద్దు. పాత షీట్లలో చాలా చోట్ల గీతకూ గీతకూ మధ్య 100 అడుగులు. 20 మీటర్ల నిలువు గండి ఆ రెండు గీతల మధ్య హాయిగా దాక్కుంటుంది. మ్యాపులో బోసిగా ఉన్న చోట మేం ఎదుర్కొన్న గండి సరిగ్గా అలాంటిదే. చుట్టూ తిరగడానికి నాలుగు గంటలు పట్టింది.

4. సూది, ఉపగ్రహం, గాలి

హైదరాబాద్‌లో కొన్న దిక్సూచి అక్కడ పనిచేయకపోవచ్చు. ఇది వినడానికి వింతగా ఉంటుంది గానీ కారణం తేలికే. అయస్కాంత రేఖలు మన దగ్గర నేలకు కాస్త వాలుగా పోతే, బ్రూక్స్ శ్రేణిలో దాదాపు నిట్టనిలువుగా, 80 డిగ్రీలకు దగ్గరగా కిందికి దిగుతాయి. మన ప్రాంతానికి సరితూచిన సూది అక్కడ ముక్కు కిందికి వంచి అడుగును రాసుకుంటుంది. ఉత్తర జోన్‌కు తయారైనది గానీ, అన్ని జోన్లకూ పనికొచ్చే గ్లోబల్ సూది ఉన్నది గానీ కొనండి.

ఇక అయస్కాంత ఉత్తరానికీ నిజ ఉత్తరానికీ తేడా, అంటే డెక్లినేషన్. అది ఏటా మారుతోంది. దశాబ్దాల కింద అచ్చైన షీటు అంచున ఉన్న అంకెకూ ఈనాటికీ పది డిగ్రీల పైనే తేడా ఉండొచ్చు. పది డిగ్రీలంటే కిలోమీటరుకు 170 మీటర్లు పక్కకు. బయల్దేరే వారం అమెరికా ప్రభుత్వ లెక్కింపు సైటులో మీ అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి చూసుకుని, ఆ అంకెను దిక్సూచిలో బిగించి, నోటుబుక్కు మొదటి పేజీలో తేదీతో రాయండి.

జీపీఎస్‌కూ అక్కడ కొంత ఇబ్బంది ఉంది. ఆ ఉపగ్రహాల కక్ష్యలు భూమధ్యరేఖకు 55 డిగ్రీల వాలులో ఉంటాయి కాబట్టి 67 డిగ్రీల దగ్గర ఏ ఒక్కటీ నడినెత్తికి రాదు. ఇరుకు కోనలో నిలబడితే పక్క కొండలు వాటిని మింగేస్తాయి. రష్యా వాళ్ల గ్లోనాస్ కక్ష్య వాలు ఇంకా ఎక్కువ, అందుకని రెండూ అందుకునే పరికరం తీసుకెళ్లండి. అత్యవసర సందేశాలకు ధ్రువాల మీదుగా తిరిగే ఇరీడియం ఉపగ్రహాల ఆధారిత పరికరమే మేలు. భూమధ్యరేఖ పైన నిలిచే ఉపగ్రహాలు అక్కడ దక్షిణ దిగంతానికి పదిహేను డిగ్రీల లోపే కనిపిస్తాయి, ఒక్క గట్టు చాలు అడ్డం పడటానికి.

ఎత్తు చూపే బారోమీటర్ వాడితే ప్రతి ఉదయం, ప్రతి రాత్రి గుడారం దగ్గర రీడింగ్ రాయండి. గాలి పీడనం ఒక్క హెక్టోపాస్కల్ మారితే 8 మీటర్ల తేడా చూపిస్తుంది. తుపాను వచ్చిన రాత్రి మీరు నిద్రలోనే 80 మీటర్లు ఎక్కేసినట్టు చెబుతుంది.

5. నడక నోటుబుక్కు

నీళ్లకు తడవని చిన్న పుస్తకం, పెన్సిల్. పెన్ను వద్దు. ఫోన్ ట్రాక్ ఎలాగూ నడుస్తుంది, కానీ ట్రాక్‌కు అర్థం చెప్పేది పుస్తకమే. ప్రతి అరగంటకూ, లేదా కాలికింద నేల మారిన ప్రతిసారీ, ఒక వరుస రాయాలి. మా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది:

“బి-14. 11:20. మేట అయిపోయింది. ఎడమ ఒడ్డు విల్లో, తల దాటి ఎత్తు, దూరలేం. కుడి ఒడ్డుకు దాటాం. లోతు 4 గీతలు. నీళ్లు తేట.

బి-15. 12:05. గడ్డి దుబ్బులు. 45 నిమిషాల్లో 600 మీ. బావ రెండుసార్లు పడ్డాడు.”

రెండో వరుస మా బావమరిది చేతిరాత. అక్షరాలా నిజం. గడ్డి దుబ్బులంటే కాటన్‌గ్రాస్ కుచ్చులు, మోకాలెత్తు మెత్తటి తలకాయల్లా పక్కపక్కనే ఉంటాయి. మీద అడుగేస్తే పక్కకు ఒరుగుతాయి, మధ్యలో అడుగేస్తే నీళ్లు. అందుకే రోజుకు 8 నుంచి 10 కిలోమీటర్లు నడిస్తే గొప్ప. ఇంటి దగ్గర ఇరవై నడిచేవాణ్ణి అన్న లెక్క ఇక్కడ చెల్లదు.

“4 గీతలు” సంగతి చెప్పాలి. చేతికర్ర మీద అడుగు నుంచి ప్రతి 10 సెంటీమీటర్లకూ రంగు టేపు చుట్టాం. వాగు దాటేటప్పుడు కర్ర దించితే చాలు, లోతు తెలిసిపోతుంది. లోతుతో పాటు తేదీ, గంట, గడిచిన రోజు వాన పడిందా లేదా కూడా రాయాలి. ఎందుకంటే కింద నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది, వాన నీరు ఇంకదు. పొద్దున మోకాలి లోతు వాగు సాయంత్రానికి నడుము దాటొచ్చు. “ఇక్కడ దాటొచ్చు” అని మ్యాపులో రాస్తే అది అబద్ధం. “ఆగస్టు 6, రెండు రోజులుగా వాన లేదు, 40 సెం.మీ.” అని రాస్తే నిజం. నది పాయలుగా చీలిన చోట దాటండి, వీపు సంచి నడుము బెల్టు విప్పండి, తొడ దాటితే వెనక్కి రండి. ఆగితే ఒక రోజు పోతుంది, అంతే.

నీటి రంగూ రాయండి. కొన్నేళ్లుగా ఇక్కడి వాగులు తుప్పు రంగుకు తిరుగుతున్నాయి. గడ్డకట్టిన నేల కరిగి, అందులోని ఖనిజాలకు నీరూ ఆక్సిజనూ తగలడంతో ఇనుము, దానితో పాటు జింక్, నికెల్, రాగి లాంటి లోహాలు నీళ్లలోకి దిగుతున్నాయి. బ్రూక్స్ శ్రేణిలో అలాంటివి కనీసం 75 ఉన్నాయని 2024లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. మామూలు ఫిల్టర్ క్రిముల్ని ఆపుతుంది గానీ కరిగిన లోహాన్ని ఆపదు. మేం చూసిన ఉపవాగు సరిగ్గా బెల్లం పాకం రంగులో వచ్చి, తేట నీళ్లలో కలిసి, ఓ వంద అడుగుల దాకా కలవకుండా పక్కపక్కనే పారింది. ఒడ్డున రాళ్లకు నారింజ పూత. ఇలాంటిది కనిపిస్తే స్థానం, తేదీ, ఫొటో తీసుకుని పార్కు వాళ్లకు ఇవ్వండి. మీ యాత్రలో అన్నిటికంటే విలువైన చుక్క అదే కావొచ్చు.

6. కొండ ఎత్తు కొలవాలనిపిస్తే

మార్షల్ పొరపాటు ఎలా జరిగి ఉంటుందో తెలుసుకోవాలంటే ఒకసారి స్వయంగా కొలవండి. మ్యాపు మీద శిఖరం దూరం తీసుకోండి, ఫోన్ కోణమానితో పైకి చూసిన కోణం తీసుకోండి. 4 కిలోమీటర్ల దూరంలో 11 డిగ్రీలు వచ్చిందనుకుందాం. 4,000ను 0.1944తో (11 డిగ్రీల టాంజెంట్) గుణిస్తే 778 మీటర్లు, దానికి మీరు నిలబడ్డ చోటి ఎత్తు కలపాలి. ఇప్పుడు చెయ్యి వణికి కోణం 12 అని చదివారనుకోండి: 850. ఒక్క డిగ్రీకి 72 మీటర్లు పోయింది! దూరం పెరిగితే భూమి వంపు కూడా తోడవుతుంది. 20 కిలోమీటర్లకు, కాంతి వంగడాన్ని కలుపుకుని, సుమారు 27 మీటర్లు. కనీసం మూడు చోట్ల నుంచి కొలిచి, మూడూ రాయండి. సగటు ఒక్కటే రాసి మిగతావి చెరిపేయకండి.

అచ్చైన అంకెలూ దేవుడి వాక్కు కాదు. శ్రేణి తూర్పు భాగంలోని మౌంట్ చాంబర్లిన్ 9,020 అడుగులతో అన్నిటికంటే ఎత్తని చాలా ఏళ్లు చెప్పుకున్నారు. 2014లో హిమనదాల శాస్త్రవేత్త మ్యాట్ నోలన్ విమానం నుంచి ఫొటోలతో, పర్వతారోహకురాలు కిట్ డెలోరియే శిఖరాల మీదికి జీపీఎస్ మోసుకెళ్లి కొలిచాక, ఎత్తైనది మౌంట్ ఇస్టో అని తేలింది, సుమారు 2,736 మీటర్లు.

7. ఏది గీయకూడదు

టండ్రా మీద నలుగురు ఒకరి వెనుక ఒకరు నడిస్తే బాట పడుతుంది, పడ్డ బాట చాలా ఏళ్లు మానదు. అందుకని విడివిడిగా నడవాలి. అదే కారణంతో మీ జీపీఎస్ గీతను ఎవరైనా మార్చగల ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో “కాలిబాట” అని ఎక్కించకండి. అక్కడ బాట లేదు, మీరు నడిచారంతే. వాగులు, గండ్లు, పొదల హద్దులు ఎక్కించండి. గుర్తు కోసం రాళ్ల గుట్టలు పేర్చకండి.

పాత రాతి పనిముట్లు, గుడారపు రాళ్ల వలయాలు కనిపిస్తే ముట్టుకోవద్దు, వాటి స్థానం బహిరంగ మ్యాపులో పెట్టొద్దు. చట్టరీత్యా తప్పు, పైగా దొంగలకు దారి చూపినట్టు. రేంజర్లకు చెప్పండి.

పేర్ల మోజు వద్దు. మార్షల్ కాలంలో వందకు పైగా పేర్లు పెట్టాడు, చెల్లింది. ఇప్పుడు అమెరికా భౌగోళిక నామాల బోర్డు ఇలాంటి రక్షిత అడవిలో కొత్త పేర్లకు దాదాపు ఒప్పుకోదు. నిజానికి “పేరు లేని” కొండల్లో చాలావాటికి పేర్లున్నాయి, మనకు తెలియవు. అనాక్టువుక్ పాస్ ఊళ్లో ఉండే నునామియుత్ ప్రజలు ఈ కనుమల్లో కారిబూ (అడవి రెయిన్‌డీర్) మందల వెంట తరతరాలు తిరిగారు. ఆ ఊరి పేరుకే “కారిబూ పెంటికలు ఉండే చోటు” అని అర్థం. ఏ మ్యాపు గుర్తుకైనా ఇంతకంటే పనికొచ్చే సమాచారం ఉంటుందా! ఆ ఊరి మీదుగా వెళితే సైమన్ పనీయాక్ మ్యూజియంలో ఒక పూట గడపండి. ఊరి చుట్టూ భూములు వాళ్లవి, గుడారం వేసే ముందు అడగండి. మేం చుక్కలకు బి-14, బి-15 అనే పెట్టుకున్నాం. దుబ్బుల్లో నేను పడ్డ చోటుకు మాత్రం బావమరిది ఓ పేరు పెట్టాడు, అది ఇక్కడ రాయను.

8. ఇంటికొచ్చాక

వారం లోపు కూర్చోండి. ఆలస్యమైతే నోటుబుక్కులో మీ రాత మీకే అర్థం కాదు. ట్రాక్‌లను, చుక్కలను క్యూజీఐఎస్‌లోకి తెచ్చి, ప్రతి గీతకూ మూడు తరగతుల్లో ఒకటి ఇవ్వండి: నడిచింది గట్టి గీత, దగ్గర నుంచి చూసింది తెగిన గీత, చిత్రం చూసి ఊహించింది చుక్కల గీత. నడకను మూడు రంగుల్లో పెట్టండి. గంటకు రెండు కిలోమీటర్ల పైన, ఒకటి నుంచి రెండు, ఒకటి కంటే తక్కువ. వెళ్లే ముందు గీసిన ఊహల పొరను దీని మీద పరిచి చూడండి, ఎక్కడ బోల్తాపడ్డామో తెలుస్తుంది. మాకు గడ్డి దుబ్బులు బాగానే అంచనాకు దొరికాయి. విల్లో పొదలు సగానికి సగం తప్పాయి. మోకాలెత్తు పొదకూ తల దాటిన పొదకూ పైనుంచి రంగు ఒక్కటే మరి.

మూలన తేదీలు, ప్రొజెక్షన్, డెక్లినేషన్, ఏ పరికరంతో కొలిచారో రాసి, ఒక కాపీ కోల్డ్‌ఫుట్ రేంజర్లకు పంపండి.

ఇంతకీ మా ప్రశ్నకు జవాబు: వెళ్లేటప్పుడు గట్టు, దిగేటప్పుడు వాగు, అదీ వాన లేకపోతేనే. గండి పైన మూడు కిలోమీటర్లు ఇంకా చుక్కల గీతలోనే ఉన్నాయి. “బావా, వచ్చే ఆగస్టుకు సెలవు పెట్టావా?” అని మొన్న ఆదివారమే ఫోన్ వచ్చింది.